పొగమంచులో పైకెక్కే ముల్లు

వోనోసోబో నుంచి దియెంగ్ కొండ మీదికి ఎక్కే దారిలో, గారుంగ్ దాటగానే ఎడమచేతి వైపు ఒక పంక్చర్ షాపు ఉంది. బోర్డు మీద పేరు ముజియోనోది, టైర్ల పనీ అతనిదే. వెనకగదిలో చాప మీద కూర్చుని డైనమోలకు రాగితీగ చుట్టేది మాత్రం అతని భార్య వర్తిని. పద్దెనిమిదేళ్ళుగా చుడుతోంది. అయినా లారీ డ్రైవర్లు ఎవరొచ్చినా, రోగం టైరులో ఉన్నా వైరులో ఉన్నా, ముజియోనోకే చెప్పుకునేవాళ్ళు. అతను ఓపిగ్గా అంతా విని, "నాకు గాలి కొట్టడం తప్ప ఇంకేం రాదు. లోపల ఆవిడుంది, వెళ్ళి చెప్పుకోండి," అనేవాడు. వాళ్ళు వెళ్ళేవాళ్ళు. గుమ్మం దగ్గర నిలబడి, మళ్ళీ అతని వైపే తిరిగి మాట్లాడేవాళ్ళు.

వర్తినికి ఈ విద్య తండ్రి నుంచి వచ్చింది. ఆయన పెళ్ళిళ్ళకూ తోలుబొమ్మలాటలకూ లైట్లు, మైకులు అద్దెకిచ్చేవాడు. ముగ్గురు అన్నలున్నా వెదురు గడ ఎక్కి బల్బులు కట్టే పని ఆమెకే పడేది. కారణం పెద్దదేం కాదు, ఆమె తేలిక. పాటగత్తె గొంతెత్తగానే మైకు గుర్రుమందంటే తండ్రి కనుసైగ చేసేవాడు. ఆమె పందిరి వెనక చీకట్లోకి దూరి, ఎర్త్ తీగ ఎక్కడ వదులైందో చేత్తో తడిమి పట్టుకునేది. పదమూడేళ్ళకే ఆమె కన్ను తీగ ఎటు పోతుందో చూసేది, పెళ్ళికూతురి వైపు పోయేది కాదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం తుగిరన్ ఖాళీ లారీ వచ్చి షాపు ముందు ఆగింది. కొండ మీది బంగాళాదుంపలను కింది మార్కెట్టుకు దించే ఆరు చక్రాల బండి. వయసు ఇరవయ్యారేళ్ళు. క్యాబిన్ మాత్రం నిన్న పుట్టినట్టు నీలంగా మెరిసిపోతోంది. తుగిరన్‌కు యాభై దాటాయి. ఆ దారిలో అందరూ అతన్ని అన్నా అన్నట్టు కాంగ్ తుగిరన్ అంటారు. పొద్దుగూకితే చూపు ఆనదని రాత్రిపూట బండి తీయడం మానేసి పదేళ్ళయింది. మధ్యాహ్నం ఖాళీ బండితో ఎక్కుతాడు, మర్నాడు పొద్దున సరుకుతో దిగుతాడు. పక్క సీట్లో భార్య రుమియాతి ఎప్పుడూ ఉంటుంది.

"హారన్ మోగడం లేదు ముజియోనో," అన్నాడు తుగిరన్.

ముజియోనో గదివైపు చూపించేలోపే వర్తిని బయటికి వచ్చింది. హారన్ విప్పి చూస్తే లోపల మాడిపోయి ఉంది.

"ఇదెందుకు మాడిందో చెప్పనా బు?" అంది రుమియాతి కిటికీలోంచి. అక్కడ బు అంటే అమ్మా అన్నట్టే. "ఈయన కొట్టినట్టు కొడితే మసీదు ఢంకా అయినా చిరుగుతుంది. వాతు కెబో మలుపు దగ్గర అందరూ మూడుసార్లు కొడతారా? ఈయన ముప్పైసార్లు!"

వాతు కెబో అంటే గేదెలా పడుకుని ఉన్న నల్లబండ. ఆ చోటును కాపాడే ధన్యాంగ్ దాంట్లో ఉంటాడని, అక్కడ హారన్ కొట్టి తల వంచందే ఏ డ్రైవరూ మలుపు తిరగడు.

"ముప్పై ఎందుకు కాంగ్?" అంది వర్తిని.

తుగిరన్ నెత్తిమీది టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏం చెప్పను బు. మూడు నెలలైంది. కిందంతా బండి బంగారం. సరిగ్గా ఆ మలుపు దగ్గరికి రాగానే వేడి మీటరు ముల్లు లేచి ఎర్రగీత మీద కూర్చుంటుంది. ఆపుతాను. ఇంజను కట్టేసి పావుగంట కూర్చుంటే దిగుతుంది. మళ్ళీ కదిలామా, మళ్ళీ లేస్తుంది. కొండెక్కేలోపు మూడుసార్లు ఇదే భాగోతం. థర్మోస్టాట్ మార్చాను, సెన్సారు మార్చాను, రేడియేటర్ కడిగించాను. ఇక ఇంజను దించాల్సిందే, శనివారం తీసుకురా అన్నాడు సర్వోతో."

సర్వోతో టౌనులో పేరుమోసిన మెకానిక్. ఆయన మాటంటే ఆ దారిలో డాక్టరు మాట.

"మా అమ్మేమో ఇంజను కాదు, ధన్యాంగ్‌కే కోపం వచ్చింది, మేకను కొయ్యమంటోంది," అంది రుమియాతి. "ఈయన అటు సర్వోతోకీ తలూపుతాడు, ఇటు మా అమ్మకీ తలూపుతాడు."

"నీళ్ళెప్పుడైనా మరిగాయా?" అంది వర్తిని.

"అదేగా విచిత్రం! తడిగుడ్డ వేసి మూత తిప్పితే పొంగదు, బుసకొట్టదు. చల్లగా నవ్వుతున్నట్టు ఉంటుంది."

"ఆ ముల్లు ఒక్కటే ఎక్కుతుందా, ఇంకేమైనా ఎక్కుతుందా?"

"నా బీపీ ఎక్కుతుంది."

వర్తిని నవ్వి బండి ముందు మూత ఎత్తించింది. సెన్సారు మీంచి తీగ ఊడదీస్తే మీటరు ముల్లు అడుక్కి పడిపోయింది. అదే తీగ కొసను ఇంజను ఇనుముకు ఆనిస్తే సర్రున పైకి లేచింది. "మీటరుకి ప్రాణం ఉంది, తీగా తెగలేదు. సెన్సారు ఎటూ కొత్తదే," అని తీగ మళ్ళీ తగిలించింది. "ఇక్కడ ఎంత చూసినా లాభం లేదు కాంగ్. అది ఎక్కడ మారాం చేస్తుందో అక్కడే చూడాలి. నేనూ వస్తాను."

పంక్చర్ వేయించుకుంటున్న ఇద్దరు డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సర్వోతోకే దొరకని జబ్బు ఈవిడకి దొరుకుతుందా?" అన్నాడొకడు, కాస్త వినబడేటట్టే. వర్తిని వినిపించుకోలేదు. పక్కింట్లో కొండబొప్పాయి లాంటి కారికా పళ్ళను పాకంలో ఉడికించి సీసాలకెత్తే ఆడబిడ్డ దగ్గరికి వెళ్ళి, పాకం వేడి చూసుకునే థర్మామీటర్ అడిగి తెచ్చింది. రేడియేటర్‌కు పైనుంచి వచ్చే గొట్టానికి దాన్ని ఆనించి, పైన పాతగుడ్డ చుట్టి బిగించి కట్టింది.

"ధన్యాంగ్ కనిపిస్తే నేనడిగానని చెప్పు," అన్నాడు ముజియోనో. "బండిని కాస్త నాలుగు మేకుల మీదికి తోలమను."

ముగ్గురూ క్యాబిన్‌లో ఇరుక్కుని కూర్చున్నారు. రుమియాతి ఒళ్ళో కాగితం పొట్లంలో పిండిలో ముంచి వేయించిన సోయా ముక్కలు, వేడివేడి తెంపె కెముల్ ఉన్నాయి. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఒక్కో ముక్కా తినేశారు. క్యాబేజీ మళ్ళు వెనక్కి పోతున్నాయి. వేడి ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. కెజజార్ దగ్గర ఒకసారి ఆపించి వర్తిని థర్మామీటర్ చూసుకుంది. ఎనభై నాలుగు.

రెండు దాటేసరికి మంచు దిగింది. రోడ్డు మీద ముందున్న మోటార్‌సైకిల్ ఉన్నట్టుండి మాయమైంది. తుగిరన్ కుడిచేత్తో ఏదో నొక్కి, ఎడమచేత్తో గేరు మార్చాడు. నల్లబండ లీలగా కనిపించింది.

"అదిగో!" అన్నాడు. "చూడండి బు, చూడండి!"

ముల్లు లేస్తోంది. ఎవరో వేలితో మెల్లగా తోస్తున్నట్టు లేచి ఎర్రగీత ఎక్కింది. వర్తిని చిన్నప్పటి నుంచి ఈ బండ దగ్గర తల వంచకుండా పోయింది లేదు. ఒక్క క్షణం ఆమెకు కూడా మేక గుర్తొచ్చింది. కళ్ళు తిప్పుకుందామనుకుంటే పక్కనున్న డీజిల్ మీటరు మీద పడ్డాయి.

"కాంగ్, డీజిల్ ఎప్పుడు పోయించారు?"

"నిన్న. ఇప్పుడు డీజిల్ గొడవెందుకు?"

"దారిలో మళ్ళీ పోయించలేదుగా?"

"మీరు పక్కనే ఉన్నారుగా!"

"మరి ఇందాక సగం కూడా లేని ట్యాంకు ముప్పాతిక ఎట్లా అయింది?"

తుగిరన్ చూశాడు. రుమియాతి చూసింది. ముందుగా తేరుకున్నది ఆవిడే. భర్తను అయ్యా అన్నట్టు పాక్ అంటుంది. "అయ్యో దేవుడా! ధన్యాంగ్ మనకి డీజిల్ కూడా పోస్తున్నాడు పాక్! మూడు నెలల్నుంచి మహానుభావుణ్ణి తిడుతున్నాం!"

బండ పక్కన వెడల్పుగా ఉన్నచోట బండి ఆపించి వర్తిని కిందికి దిగింది. గుడ్డ తప్పించి థర్మామీటర్ చూసింది. ఎనభై అయిదు. పాకమైతే ఇంకా పొయ్యి మీద ఉంచేవాళ్ళు. తిరిగి ఎక్కి కూర్చుంది.

"ఇందాక మలుపు ముందు ఏదో నొక్కారు. ఏంటది?"

"లైట్లు. మంచు కదా."

"ఆపండి."

ఆపాడు. రెండు ముళ్ళూ మెల్లగా కిందికి దిగాయి. వేశాడు. రెండూ లేచాయి. మళ్ళీ ఆపాడు, మళ్ళీ వేశాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా అదేపనిగా నొక్కుతున్న భర్త చేతి మీద రుమియాతి ఒక్కటి వేసింది. "చాలు, ఇక లైట్లు మాడతాయి."

మూడు నెలల చిక్కు వర్తినికి ఒక్కసారిగా విడిపోయింది. తుగిరన్ రాత్రిళ్ళు బండి నడపడు. పొద్దున దిగేటప్పుడు ఎండ ఉంటుంది. అతను లైట్లు వేసేది ఈ మంచులోనే, మంచు మొదలయ్యేది ఈ మలుపులోనే. బండి ఆపితే లైట్లూ ఆర్పేస్తాడు, అందుకే ముల్లు దిగేది. ఆమె జేబులోంచి మూరెడు తీగ తీసి, ఒక కొస మీటర్ల వెనక రేకుకు, రెండో కొస తలుపు బందు దగ్గర తేలిన ఉత్త ఇనుముకు ఆనించి పట్టుకుంది. లైట్లు వెలుగుతుండగానే ముళ్ళు రెండూ తమ చోటికి వచ్చేశాయి.

"పోయిన కరెంటు తిరిగి రావాలిగా కాంగ్. మీ బండిలో అది వచ్చే దారి ఇరుకైంది. ముళ్ళ వరకైతే ఎలాగో సరిపోతోంది. లైట్ల కరెంటు కూడా అదే సందులోకి వచ్చిపడితే తోపులాటే. మా నాన్న పందిళ్ళలో ఇట్లాగే అయ్యేది. అప్పుడు మైకు గుర్రుమనేది, ఇప్పుడు మీ మీటరు అబద్ధమాడుతోంది."

టార్చి పళ్ళతో కరచుకుని ఆమె స్టీరింగు కిందికి దూరింది. కాసేపటికి అక్కణ్ణుంచే అడిగింది. "ఈ నీలం రంగు ఎప్పుడు వేయించారు?"

తుగిరన్ మళ్ళీ టోపీ తీసి పెట్టుకున్నాడు. రుమియాతి ముందు ముసిముసిగా, తర్వాత పగలబడి నవ్వింది. "మా మేనకోడలి పెళ్ళికి! ఊరేగింపులో ఈయన బండే ముందుండాలని. మూడున్నర నెలలైంది."

"ఎర్త్ తీగ రంగు మీద పెట్టి బిగించాడు మీ పెయింటరు. రంగులోంచి కరెంటు నడవదు కాంగ్. ఏదో మర దగ్గర కొంచెం ఇనుము తగులుతోంది కాబట్టి ఇన్నాళ్ళు లాక్కొచ్చింది."

"రెండు పూతలేగా వేయించాను," అన్నాడు తుగిరన్ నీరసంగా.

"మూడు!" అంది రుమియాతి.

వర్తిని బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, తీగ బిగించింది. లైట్లు వేసుకుని దియెంగ్ దాకా వెళ్ళారు. ముల్లు మధ్యలోంచి కదలలేదు. దారంతా తుగిరన్ రోడ్డు కన్నా మీటరునే ఎక్కువ చూశాడు. పొద్దుగూకకముందే వర్తినిని దించడానికి తిరిగొస్తూ బండ దగ్గర ఆపి, జేబులోని లవంగం సిగరెట్ పెట్టె దాని ముందు పెట్టి, చేతులు కట్టుకుని ఏదో గొణిగాడు. క్షమాపణ కాబోలు. వర్తిని కూడా దిగి ఎప్పటిలాగే తల వంచింది. తీగ సంగతి వేరు, బండ సంగతి వేరు.

శనివారం ఇంజను దించలేదు. మేక కూడా బతికిపోయింది. తుగిరన్ ఆగిన ప్రతి టీకొట్టులో ఈ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ డీజిల్ కొంచెం పెరిగి, ట్యాంకు నిండి పొర్లేదాకా వచ్చింది.

తర్వాతి వారం సర్వోతో మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. తెల్లమీసాల పెద్దమనిషి. చేతిలో ఏదో మినీబస్సువి విప్పిన మీటర్లు, బుట్టెడు వైర్లతో సహా ఉన్నాయి. షాపు ముందు డ్రైవర్లు మెడలు చాచి చూశారు. ఆయన ముజియోనో భుజం తట్టి, నేరుగా వెనకగది గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు విప్పాడు.

"లైట్లు వేసి చూడాలని నాకెందుకు తట్టలేదంటావమ్మా?" అన్నాడు.

"మీ షాపు దగ్గర ఎప్పుడూ ఎండేగా పాక్. అక్కడ లైట్లు ఎవరు వేస్తారు?" అంది వర్తిని.

ఆయన పెద్దగా నవ్వాడు. ఆమె చాప మీది రాగితీగ పక్కకి జరిపి చోటిచ్చింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, మీటర్లు ఆమె ముందు పెట్టాడు.

"వైపర్ తిరిగినప్పుడల్లా ఇది ఊగుతోంది," అన్నాడు. "ఏ తీగ ఎటు పోతుందో కాస్త నాకూ చూపిస్తూ చూడు."