స్టార్ట్ చెయ్యని బండిలో చప్పుడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే రోజున ఎవరైనా కలలూ సూచనలూ అని మొదలుపెడితే, వెనక బెంచీలో కూర్చుని నవ్వాపుకునేవాణ్ణి. నాంపల్లి సందులో పాతికేళ్ళు బండ్లు బాగుచేశాను. చప్పుడొచ్చిందంటే లోపల ఏదో అరిగిందని అర్థం, విప్పితే దొరుకుతుంది. నాకు తెలిసిన వేదాంతం అంతే.

మెకానిక్కులు ఇంజిన్‌ని వినే పద్ధతి ఒకటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాం. డాక్టరు గుండె చూసినట్టే. కళ్ళు మూసుకుని వినడం నాకలవాటు.

తొంభైల్లో మా అన్న బండిని అలాగే విన్నాను. టక్‌టక్, కాస్త ఆగి మళ్ళీ టక్. చాలా సన్నగా. ఆదివారం, ఆరాధనకు టైమైపోతోంది. "ఏం గాదన్నా, నడుపు" అనేసి చేతులు కడుక్కున్నాను. మూడో రోజు కోఠి దగ్గర ఇంజిన్ పట్టేసి వెనక చక్రం ఆగిపోయింది. అన్న బస్సు కింద పడ్డాడు. ఆ చప్పుడు ముందే విన్నానని ఎవరికీ చెప్పలేదు, వదినకు అసలే చెప్పలేదు. పిరికివాణ్ణి, ఇంకేమనాలి.

పదేళ్ళకు చైనా బండ్లు దిగాయి. అబిడ్స్‌లో ఒకతను చిన్న షోరూం తెరిచాడు. డెబ్భై సీసీ, క్లచ్ పట్టే పని లేదు, ఆడపిల్లలకు తేలిక. ఇంజిన్ మాత్రం జపాన్ వాళ్ళదాన్ని చూసి అచ్చు దింపిందే. బోల్టు దగ్గర్నుంచి గాస్కెట్ దాకా అదే కొలత. కంపెనీ పేరుండాల్సిన చోట నున్నగా ఉండేది. మా అన్న బండిది కూడా ఆ వంశపు ఇంజినే. దొంగ సరుకని తిట్టుకుంటూనే, ఎంతవరకు దింపారో విప్పి చూడాలని చెయ్యి దురద పెట్టేది.

అన్న కూతురు సునీత దవాఖానలో నర్సు. డ్యూటీకి వెళ్ళిరావడానికి ఆ బండే కావాలంది. అన్న పోయినప్పట్నుంచి వదినకు బండి పేరెత్తితే వణుకు. పిల్ల పట్టు విడవకపోయేసరికి నన్ను పిలిచి, "నువ్వు ఇని మంచిగున్నదంటెనే కొంటం తమ్మీ. నీ మాటే ఆఖరు" అంది. ఎవర్ని అడుగుతోందో ఆమెకేం తెలుసు!

మర్నాడు మధ్యాహ్నం నేనూ సునీతా షోరూంకి వెళ్ళాం. బయట ఒకటే హారన్లు. స్టార్ట్ చెయ్యమని సేల్స్‌మన్‌కి సైగ చేసి, మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూడ్రైవర్ ఆనించాను.

టక్‌టక్. ఆగి, టక్.

"బంద్ చెయ్! బంద్ చెయ్!" అని అరిచాను.

అతను బిత్తరపోయాడు. "ఏంది అంకుల్ బంద్ చేసేది? ఇంకా చాలూనే చెయ్యలే. ట్యాంకుల పెట్రోలే లేదు" అన్నాడు. తాళంచెవి అతని చేతిలోనే ఉంది.

మళ్ళీ విన్నాను, ఏమీ లేదు. రోడ్డు మీది బస్సుకు అదిరిందేమోనని, ఇంకో బస్సు వచ్చేదాకా కాచుకుని విన్నాను. పక్క బండికి పెట్టాను. చెవిలో నరం కొట్టుకుందేమోనని గోడకు కూడా ఆనించి చూశాను. ఎక్కడా ఆ చప్పుడు లేదు.

అయినా ఇంజిన్ విప్పాల్సిందేనన్నాను. "కొత్త బండిని విప్పుడేంది? దిమాక్ ఉన్నదా?" అని ఓనరు కస్సుమన్నాడు. లోపమేమీ లేకపోతే ఆ బండి నేనే కొంటానని మాటిచ్చి, అతని ఎదుటే విప్పాను. ఇంజిన్ పైభాగానికి ఆయిల్ వెళ్ళే సన్నటి దారి, పోత పోసినప్పుడే మూసుకుపోయి ఉంది. అన్నీ దింపిన మహానుభావులు ఆ ఒక్క బెజ్జం మరిచారు. అలాగే నడిపితే కొన్నాళ్ళకు పట్టేసేదే. ఓనరు బండి లోపలికి తోయించాడు.

కానీ ఆ లోపం చప్పుడు చెయ్యదు. నడిచే ఇంజిన్‌లో కూడా మొదట్లో చెయ్యదు. మరి ఆగి ఉన్నదాంట్లో నేను విన్నదేమిటి?

సాయంత్రం వదిన "ఎట్ల తెల్సింది తమ్మీ?" అని అడిగింది. ఇక దాచలేకపోయాను. అన్న బండిలోనూ అదే విన్నాను, విని కూడా పొమ్మన్నాను అని చెప్పేశాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆమె "మీ అన్న గూడ ఇన్నడు. ఆ పొద్దు ఇంట్లకెళ్లి బయల్దేరేటప్పుడు చెప్పిండు. 'చప్పుడొస్తున్నది గని తమ్ముడు చూసిండు, ఫికర్ లేదు' అన్నడు" అంది.

కూర్చున్నచోటే వెక్కివెక్కి ఏడ్చాను.

పాస్టరు గారు ఒక కారణం చెప్పారు, చెవి డాక్టరు ఇంకోటి చెప్పాడు. రెండూ నా బుర్రకెక్కలేదు. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు.

తర్వాతి నెల సునీత వేరే బండి చూసుకుంది. ఇంకెవరైనా మెకానిక్‌కి చూపించండి వదినా అన్నాను. ఆమె వినిపించుకోలేదు. "నువ్వే ఇను" అని స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.