కువైట్ చేజారిన రోజు మేం రాజస్థాన్ మహల్లో ఉన్నాం

కువైట్‌లోని అబూ హలీఫాలో మా బిల్డింగులోని ఆడవాళ్లు నలుగురు ఈ సెలవుల్లో రాజస్థాన్ పోయి, మహలును హోటలుగా మార్చిన చోట రెండు రోజులు ఉండాలనుకుంటున్నారు. "అక్కా, నువ్వు అట్లాంటి దాంట్లో ఉండినావంట కదా, ఎట్లుంటాది?" అని అడిగారు. ఉన్నాను, 1990 ఆగస్టులో. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేదాన్ని. మా ఆయన సుబ్బరాయుడు అదే ఇంట్లో డ్రైవరు. ఆ ఏడు వానలు చూడాలని ఇంటి యజమానురాలు, అమ్మ అన్న అర్థంలో మేం మామా అనేవాళ్లం, తన తొమ్మిదేళ్ల కూతురు నూరాను తీసుకుని బొంబాయి వచ్చింది. తోడు నేను. అక్కడ ట్రావెల్ ఆఫీసులో గోడకున్న మహలు బొమ్మ చూసి, "ఇక్కడికి పోదాం" అంది. "ఎడారి నుంచి వచ్చి మళ్లీ ఎడారికేనా మామా?" అన్నాను. "మా ఎడారిలో ఇట్లాంటి ఇళ్లు లేవు కదా" అని నవ్వింది. కువైట్ సిటీలోని మిర్కాబ్‌లో ఆఫీసు పని ముగించుకుని ఆమె భర్త, మేం బాబా అనేవాళ్లం, వారం తర్వాత వచ్చి కలుస్తానన్నాడు.

బొంబాయి నుంచి జోధ్‌పూర్‌కు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి కారులో గంట ప్రయాణం. దారంతా ముళ్ల చెట్లు, ఎర్రమట్టి. ఆగస్టు ఒకటో తేదీ మధ్యాహ్నానికి చేరాం. ఆగస్టులో ఎండా ఉక్కా ఎక్కువే గానీ, గదులు చవగ్గా దొరుకుతాయి. చలికాలంలో అదే గదికి రెట్టింపు అడుగుతారు. మాకు నాలుగు రోజులకు భోజనాలతో సహా బొంబాయిలోనే కట్టేశారు. రాతి గోడలు మూరెడు మందం, లోపల చల్లగా ఉండేది. పనిమనుషులకు వేరే గది ఉన్నా మామా నన్ను నూరా గదిలోనే పడుకోమంది. అంత మెత్తటి పరుపు మీద నాకు సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకు టీ తెచ్చిన భన్వర్ అనే పెద్దాయన ట్రే బల్ల మీద పెట్టి, పోకుండా నిలబడ్డాడు. మా ఊరు రాయచోటిలో నేర్చుకున్న ఉర్దూ నాకుంది కాబట్టి నన్నే అడిగాడు.

"బేటీ, మీరు కువైట్ నుంచే కదా వచ్చింది? రేడియోలో ఏదో చెప్తున్నారు. ఇరాక్ సైన్యం లోపలికి వచ్చేసిందట."

నేను మామాకు అరబ్బీలో చెప్పాను. ఆమె టీలో చక్కెర కలుపుతూనే ఉంది. "సరిహద్దు గొడవ. నెల నుంచీ నడుస్తోంది. సాయంత్రానికి ఖలాస్" అంది. కాసేపటికి మేనేజరు తన రేడియో తెచ్చి అరబ్బీ వార్తలు పెట్టాడు. మామా చెంచా పక్కన పెట్టింది. ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే వినిపిస్తున్నాయి. జహ్రా పేరు వచ్చినప్పుడు నేను రేడియో దగ్గరికి జరిగాను. మా ఇల్లు పెద్ద రోడ్డుకు రెండు వీధుల లోపల ఉండేది. ఒంటెల దగ్గరికి ఎప్పుడు పోదామని నూరా అడుగుతోంది. "భన్వర్‌తో పో" అంది మామా. గొంతు మామూలుగానే ఉంది.

హోటలుకు ఉన్నది ఒకటే ట్రంకు లైను. తొమ్మిదింటికి కాల్ బుక్ చేశాం. టెలిఫోను గది బయట చెక్కబెంచీ మీద మామా కూర్చుని, పక్కన చోటు చూపించింది. నాలుగేళ్లలో ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు. పదిసార్లు లైను కలవలేదు. మధ్యాహ్నం భోజనం పిలిచారు, ఇద్దరం లేవలేదు. మూడున్నరకు ఆపరేటరు చెయ్యి ఊపాడు.

మామా పరుగున పోయి అందుకుంది. అవతల సుబ్బరాయుడు. గట్టిగా అరుస్తున్నాడు కాబట్టి నాకూ వినబడుతోంది.

"బాబా ఎక్కడ?" అంది మామా.

"పొద్దున ఆరింటికి బయటికి పోయినాడు మామా. మిలిటరీ క్యాంపులో ఉన్న తమ్ముణ్ణి తీసుకొస్తానని. ఇంకా రాలేదు."

"కారు ఎవరు నడిపారు?"

"ఆయనే. నేను తాళాలు తీసుకుంటే చేతిలోంచి లాక్కున్నాడు. నీ భార్య నా ఇంట్లో వాళ్లతో ఉంది, నీకేమన్నా అయితే ఆమెకేం చెప్పాలి, నువ్వు ఇంట్లోనే ఉండు అన్నాడు."

మామా ఫోను నా చేతికిచ్చింది.

"ఏం మే, బాగుండావా?" అన్నాడు మా ఆయన. "ఈడ ట్యాంకులు పోతాండాయి. నేను గేటు దాటలేదు. నువ్వు భయపడాకు." అంతటితో లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

నా మనిషి బతికున్నాడని నా ఒళ్లంతా తేలికైంది. ఆ మరుక్షణమే పక్కన మామా ముఖం చూశాను. ఏడవడం లేదు. గోడకేసి చూస్తోంది. సంతోషించినందుకు సిగ్గుపడాల్సి వస్తుందని అంతకుముందు నాకు తెలియదు.

సాయంత్రం ఆరున్నరకు డాబా మీద పాటగాళ్లు రావణహత్తా అనే తీగల వాద్యం వాయిస్తుంటే మేనేజరు వచ్చి ఆపించమంటారా అని అడిగాడు. మామా వద్దంది. ఏమీ తెలియని నూరా వాళ్ల ముందు గిరగిరా తిరుగుతూ ఆడుతోంది. మామా చూస్తూ కూర్చుంది. ముందు పెట్టిన అన్నం ఆరిపోయింది.

మర్నాడు జోధ్‌పూర్ బ్యాంకులో దినార్లు మార్చుకుందామని పోతే, "ఈ రోజు దీనికి రేటు లేదమ్మా" అని గుమాస్తా నోట్లు వెనక్కి తోశాడు. బయటికి వచ్చాక మామా సంచిలోంచి నా పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. "ఇది నీ దేశం. ఇంటికి పో" అంది.

"మిమ్మల్ని మీవాళ్ల దగ్గరికి చేర్చి పోతాను మామా" అన్నాను.

ముగ్గురం రైల్లో ఢిల్లీ పోయాం. కువైట్ ఎంబసీ దగ్గర ఆమె లాంటి వాళ్లు వందల మంది. పది రోజులకు సౌదీలో ఉన్న ఆమె అన్న కబురు పంపాడు. వాళ్లను విమానం ఎక్కించి నేను రాయచోటి పోయాను. సుబ్బరాయుడు బస్రా, బాగ్దాద్, జోర్డాన్ మీదుగా రెండు నెలలకు ఇల్లు చేరాడు. మనిషి సగమైపోయాడు. బాబా కారు క్యాంపు దారిలో దొరికింది. బాబా దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

యుద్ధం ముగిసి కువైట్ తిరిగి దక్కాక, మళ్లీ వీసా పంపి 1992లో మమ్మల్నిద్దర్నీ పిలిపించుకున్నది మామానే. ఆ ఇంట్లో ఇంకో పదకొండేళ్లు పనిచేశాం. తన భర్తకు బదులు ఆ కారు నడపాల్సి ఉండి, పోకుండా మిగిలిన మనిషిని ఆమె రోజూ చూసేది. మా ఆయన పొద్దున్నే కారు తుడుస్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడేది. నువ్వు నడిపి ఉంటే అని ఒక్కనాడూ అనలేదు. అనకపోవడమే మా ఆయనకు బరువై, ఒకరోజు తానే ఆ మాట ఎత్తాడు. "ఆ పొద్దున ఆయన నిన్ను ఇంట్లో ఆపాడు. ఆయన చేసిన మంచిపని అదొక్కటే నాకు తెలుసు. దాన్ని కూడా తీసేయకు" అంది మామా.

మహల్లో గదులు బాగుంటాయి, పోండి. ఒక్క మాట మాత్రం పాటించండి. ఫోన్లు పలకకపోతే ఎవరి ఇంటికి కబురు పంపాలో, ఎక్కడ కలుసుకోవాలో బయలుదేరే ముందే ఇంట్లోవాళ్లతో అనుకుని, కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. మేం అనుకోలేదు. ఆ రెండు నెలలూ మా ఆయన వస్తున్నాడో లేదో తెలియక, కడప నుంచి వచ్చే ప్రతి బస్సుకూ రాయచోటి బస్టాండులో ఎదురుచూశాను.