పెళ్లిచూపుల్లో సీసం గుళ్లు

మా మేనల్లుడు గుడివాడలో లెక్కల లెక్చరర్. పెళ్లిచూపులకు ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్న దగ్గర సంబంధం తప్పిపోయేది: "అబ్బాయి పరిశోధన దేని మీదండీ?" వాడు దాచుకోకుండా చెప్పేవాడు. దారానికి పూసలు కట్టి మీటితే కొన్ని స్వరాలు పలుకుతాయి. పూసలు చూసి స్వరాలు చెప్పడం సులువు. స్వరాలు విని, ఏ పూస ఎంత బరువో, ఎక్కడుందో చెప్పడం వాడి లెక్క. అంతవరకు విన్నాక ఆడపెళ్లివారు కాఫీ గ్లాసులు తీసేసేవారు. మా అక్కయ్య మోపిదేవిలో మొక్కుకుంది గానీ, వాడి చేత ఆ మాట మాత్రం మాన్పించలేకపోయింది.

నాకా లెక్క వింతగా తోచలేదు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ, మీటింగు హాలు బయట నిలబడి లోపల కుర్చీలు విరిగే చప్పుడును బట్టి ఎవరు ఎవరిని తిట్టారో చెప్పగల మిత్రులను చూశాను. అందుకే బందరు సంబంధానికి నేనే వెంట వెళ్లాను. ఈ అమ్మాయి మీద వాడికి మనసుంది. ఫోటో చూసిన దగ్గర్నుంచి బనియన్లు కూడా ఇస్త్రీ చేయించుకుంటున్నాడు.

అమ్మాయి స్కూల్లో సైన్సు చెబుతుంది. తండ్రికి గిలకలదిండిలో మరబోటు ఉంది. ఆయన అంతా విని, గ్లాసులు తీయించలేదు.

"అయితే నేను కడతాను, నువ్వు చెప్పు బాబూ. చెప్పావా, పిల్లనిస్తా. తప్పావా, పండుగప్ప చేపల పులుసు తిని వెళ్తారు."

"ఇదేం పందెం బావగారూ?" అన్నాను.

"బోటు మీదకి డ్రైవర్ని తీసుకునేప్పుడు ఇంజను చప్పుడు విని జబ్బేంటో చెప్పమంటానండీ. అల్లుణ్ణి ఊరికే తీసుకుంటానా?"

మావాణ్ణి లోపల గదిలో గోడకేసి తిప్పి కూర్చోబెట్టారు. పెద్దాయన వరండా స్తంభాల మధ్య సన్నటి నైలాన్ దారం బిగించి, వలకు కట్టే సీసం గుళ్లు కట్టి మీటాడు. మావాడి ఫోను ఆ చప్పుడు విని స్వరాలు చూపించింది. వాడు కాగితం మీద ఏదో గిలికాడు. ఈలోగా చుట్టుపక్కలవాళ్లు ప్రహరీ మీదకి ఎక్కారు.

"నాలుగు గుళ్లండీ. అన్నిటికన్నా బరువైంది కిటికీవైపు చివర," అని మిగతా మూడూ వరసగా చదివాడు.

గుళ్లు నాలుగే. బరువైంది మాత్రం గుమ్మంవైపుంది. మిగతావీ అంతే, వరస మొత్తం తిరగబడింది.

"చేపని తోకవైపు నుంచి తింటున్నాడ్రోయ్!" అని ప్రహరీ మీద నుంచి ఒకాయన అరిచాడు.

మావాడు కాగితం మళ్లీ చూసుకున్నాడు. "తిప్పి కట్టినా దారం ఇలాగే పలుకుతుందండీ, అద్దంలో బొమ్మలాగా. ఏ వైపో ఒక్కసారి వింటే తేలదు. మీ కుర్చీ కిటికీ పక్కనుంది కదా, పెద్ద గుండు అక్కడే మొదలెట్టి ఉంటారనుకున్నాను."

"లెక్క చెప్పమంటే నా కుర్చీ చూస్తావేంటయ్యా!"

పులుసు గిన్నె బల్ల మీదకి వస్తోంది. మాకు దారి చూపిస్తున్నారన్నమాట. అప్పుడు అమ్మాయి వచ్చింది.

"నాన్నా, ఒక్కసారికే చెప్పమంటే ఎవరు చెప్తారు? ఈసారి నేను కడతాను." మావాడి వైపు తిరిగి, "ముందు ఉత్తగా మీటుతానండీ. తర్వాత గుమ్మంవైపు చివర నా తాళాల గుత్తి తగిలించి మళ్లీ మీటుతాను. అప్పుడు ఏ వైపేదో తెలుస్తుందా?" అంది.

వాడు లేచి నిలబడ్డాడు. "తాళాల బరువెంతండీ?"

పెళ్లిచూపుల్లో అమ్మాయిని వాడడిగిన మొదటి ప్రశ్న అదే. ఆమె నవ్వు ఆపుకుంటూ గుత్తిని చేపల కాటా మీద పెట్టి చూపించింది.

వాణ్ణి మళ్లీ గోడకేసి తిప్పారు. అమ్మాయి గుళ్లు కొత్త వరసలో కట్టి రెండుసార్లు మీటింది. వాడు ఈసారి చాలాసేపు గిలికాడు, పులుసు చల్లారిపోయింది. చెప్పిన వరస గుండుకు గుండు సరిపోయింది. ప్రహరీ మీదవాళ్లు ఈల వేశారు. పెద్దాయన గుళ్లను స్వయంగా లాగి చూసి, కూతురి మొహం చూశాడు. ఆమె తల ఊపింది.

ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "బావగారూ, కుర్రాడు మా అమ్మాయి మాట వింటాడంటారా?"

"వింటాడండీ. కాకపోతే ఏదైనా రెండుసార్లు చెప్పాలి."

"దానికేముందండీ, మా దానికి నాలుగుసార్లు చెప్పడం అలవాటే," అని పళ్లెంలో తాంబూలాలు పెట్టమని లోపలికి కేకేశాడు.