తిరగలికి అటువైపు

పొద్దుటినుంచి నా చేతులకు రాగిపిండి వాసన వదలలేదు. ఈ వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నా నడుము నిటారుగా నిలుస్తుంది. కారణం రాహేలమ్మ టీచరు. యుద్ధం రోజుల్లో చిత్తూరు దగ్గర మిషను బడి హాస్టల్లో నేను ఆమె దగ్గర చదువుకున్నాను. ఆమె చేతిలో బెత్తం ఉండేది కాదు. కొట్టుకున్న ఇద్దరినీ తిరగలికి చెరోవైపు కూర్చోబెట్టేవారు. పిడి ఒక్కటే. ఇద్దరూ కలిసి పట్టుకుని తిప్పాలి.

నా తరగతి పిల్ల సుగుణా నేనూ జుట్లు పట్టుకున్న రోజు నేను పిడి ముట్టనని మొండికేశాను.

"ముందు కొట్టింది అదే టీచరమ్మా! నేనెందుకు తిప్పల్ల?"

"ముందు ఎవురు కొట్టినారని నేనడగలేదు మే. అందరికీ ఆకలిగా ఉండాది. తిప్పు."

ఆమెను మెత్తని మనిషి అనుకున్నవాళ్లంతా పొరబడ్డారు. అందులో బడి మేనేజరు ఒకరు. ఒకరోజు ఆయన బండినిండా కొయ్య తుపాకులు తెచ్చి దింపించారు. మగపిల్లలకు రోజూ కవాతు నేర్పాలన్నారు.

"మనిషి మీద గురిపెట్టేది నా బిడ్డలకు నేర్పనయ్యా. కొయ్యదైనా సరే," అన్నారామె.

"ఉద్యోగం ఉండల్లనా, వద్దా నీకు? పిరికి చదువు చెప్తావా?" ఆయన అరుపుకు వరండా అదిరింది.

"ఏసయ్య చెంప తిప్పమన్నాడు గానీ తల వంచమన్లేదయ్యా."

అని, నేరుగా వెళ్లి తిరగలి ముందు కూర్చున్నారు. ఎదుటి ఖాళీ చూపించి, "మనిద్దరం కొట్లాడినాం గదా. రాండి, కూసోండి," అన్నారు.

ఆయన ముఖం కందగడ్డలా అయింది. మగపిల్లల్ని తుపాకులు తీసుకోమని గద్దించారు. ఎవరూ కదల్లేదు. సుగుణ వెళ్లి ఆ ఖాళీలో కూర్చుని పిడి పట్టుకుంది. దాని చేతులు నొప్పి పుట్టాక నేను కూర్చున్నాను. నా తర్వాత మగపిల్లలు. సంగటికి పిండి సరిపోయింది, తుపాకులు బండి పక్కనే పడి ఉన్నాయి.

ఆ నెలాఖరుకు ఆమెను పనిలోంచి తీసేశారు. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు. పిల్లలకు శాంతి నేర్పితే కూడు తీసేస్తారా? ఆమె మాత్రం ఏడవకుండా, తల ఎత్తుకునే బడి గేటు దాటారు.

నేనూ టీచరునయ్యాను. ఎక్కడికి బదిలీ చేసినా ఒక తిరగలిని వెంట మోసుకెళ్లాను. నవ్వినవాళ్లను నవ్వనిచ్చాను. ఈ పొద్దున పక్కింటాయన గోడ తగాదాతో కర్ర పట్టుకుని వచ్చాడు. నేను తలుపు వేసుకోలేదు. తిరగలిలో రాగులు పోసి, "రాప్పా, కూసో," అన్నాను. ఆయన తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రాగులు నేనొక్కదాన్నే తిప్పి పిండి చేశాను.

రేపూ వస్తాడు. రానీ. అటువైపు పీట వేసే ఉంచాను.