నొప్పికి పోసిన బ్రాందీ

ధనలక్ష్మి చేపలమ్మే మనిషి. తెల్లారేసరికి రేవులో కవళ్ల చేపలు గంపకెత్తుకుని, ఆటో ఎక్కి కోటబొమ్మాళి బజారులో గంప దించుతుంది. ముప్పై నాలుగేళ్లు. నెలసరి వచ్చిందంటే మాత్రం ఆ గంప ఎత్తడం ఆమె వల్ల కాదు.

పెళ్లైన కొత్తలో ఒకసారి పొయ్యి దగ్గరే ముడుచుకుపోయింది. అత్త దాలమ్మ సీసా మూత నిండా బ్రాందీ పోసి నోటికందించింది.

"తాగీయే గుంటా. మాకూ ఇదే మందు. కడుపు సల్లబడతాది."

నిజంగానే కాసేపు చల్లబడింది. ఏళ్లు గడిచేసరికి మూత కాస్తా గ్లాసైంది. నొప్పి మిగతా రోజులకూ పాకింది, దాని వెంట తాగుడూ పాకింది. మాత్ర మింగి, పైన బ్రాందీ తాగి, వాసన తెలియకుండా వక్క నములుతూ బజారుకు పోయేది. కడుపు పండలేదు. ఊళ్లో తాగుబోతుదన్నారు గానీ, ఎందుకు తాగుతున్నావని ఒక్కరూ అడగలేదు.

మొన్న వేసవిలో గంప ముందే కళ్లు తిరిగి పడిపోయింది. పక్కన ఎండుచేపలమ్మే తాతమ్మ ఆమెను శ్రీకాకుళం తీసుకెళ్లింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ అరుణశ్రీ కాగితం మీద బొమ్మ గీసింది. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట కూడా పెరుగుతోందనీ, నెలనెలా అక్కడ వాపొస్తోందనీ, దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారనీ చెప్పింది.

"తాగుతావా అమ్మా?"

ధనలక్ష్మి తలదించుకుంది. "నొప్పికి ఓర్సుకోలేక తాగతన్నాను. దానివల్లే వచ్చీసినాదేటి?"

"అలాగని చెప్పలేం. కానీ తాగితే ఈ జబ్బుకు మేతయ్యే హార్మోన్ ఒంట్లో పెరగొచ్చు, వాపూ పెరగొచ్చు. నొప్పి మాత్రల మీద తాగితే కడుపులో పుండ్లు పడతాయి."

"మానీస్తే తగ్గిపోతాదా?"

"మానినంత మాత్రాన పోదు. మందులు వాడాలి. రోజూ తాగేదానివి, ఒక్కసారిగా మానకు. నేను చెప్పినట్టు తగ్గించు. చేతులు వణికితే వెంటనే రా."

ఇంటికొచ్చి చెబితే దాలమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"నానే కదే నీ నోట్లో పోసినాను."

"నీకు తెలిసింది నువ్వు సేసినావత్తా. ఇంకెవులు సూసినారు నన్ను?" అంది ధనలక్ష్మి. అత్త రెక్క పట్టుకుని లేపి లోపలికి తీసుకెళ్లింది.

తాగుడు మానడానికి రెండు నెలలు పట్టింది. నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు. మొదటి నెల నొప్పి ముందుకంటే ఎక్కువే అనిపించి, రెండుసార్లు మళ్లీ తాగింది. ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పింది. ఇప్పుడు హార్మోన్ మాత్రలు వేసుకుంటోంది. నొప్పి పూర్తిగా పోలేదు. వచ్చిన రోజున వేడినీళ్ల సీసా పొట్టకు ఆనించుకుని బజారులో కూర్చుంటుంది. మరీ లేవలేని రోజున ఆమె గంప కూడా తాతమ్మే అమ్మిపెడుతుంది.

"ఎలాగున్నాదే?" అని తాతమ్మ అడుగుతుంది.

"ఉన్నాదమ్మా. కూకోగలుగుతన్నాను," అంటుంది ధనలక్ష్మి, ఈగలు తోలుకుంటూ.