లాప్‌టాప్ డబ్బాలో ఇస్త్రీ పెట్టె

మధురానగర్‌లో మేముండే హాస్టల్లో మెట్ల కింద ఒక తెల్లబోర్డు ఉండేది. ఆ రోజు టిఫిన్ ఏమిటో రాయడానికి పెట్టారు. సగం మేం ఆక్రమించుకున్నాం. పార్సిల్ రావాల్సినవాళ్లు పొద్దున్నే రూమ్ నంబరు, పక్కనే ఓటీపీ రాసేసి, కొందరు అమీర్‌పేట కోచింగులకు, నాలాంటివాళ్లు పంజాగుట్ట ఆఫీసులకు వెళ్లిపోయేవాళ్లం. డెలివరీ ఆయన వచ్చి, బోర్డు చూసి, అంకెలు ఫోన్లో కొట్టుకుని, డబ్బాను హాస్టల్ ఆంటీ కుర్చీ పక్కన పెట్టి వెళ్లేవాడు. ఏడాదిన్నరలో ఒక్క పార్సిల్ కూడా పోలేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. దేన్నైనా అనుమానించడమే నా ఉద్యోగం. ఆ బోర్డును మాత్రం ఒక్కరోజూ అనుమానించలేదు.

ఆ బుధవారం బోర్డు మీద మా రూమ్ నంబరు ఉంది. నా రూమ్మేట్ నాకంటే నాలుగేళ్లు పెద్ద, అన్నా అనే పిలిచేవాణ్ని. అతని పాత లాప్‌టాప్ స్క్రీన్ పోవడంతో కొత్తది తెప్పించుకున్నాడు. సోమవారం పొద్దున అతనికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. చాలా నెలల తర్వాత వచ్చిన మొదటి పిలుపు. నా దగ్గరున్నది ఆఫీసు లాప్‌టాప్, బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కనివ్వదు. హాస్టల్లో మిగతావాళ్లకు ఆ టైముకు వాళ్ల క్లాసులు.

సాయంత్రం డబ్బా విప్పాడు. లోపల ఇస్త్రీ పెట్టె ఉంది. కొత్తది, సీలు కూడా తీయలేదు.

"తమ్మీ, గిదేంది? నేను కోడ్ రాయాల్నా, అంగీలు ఇస్త్రీ చెయ్యాల్నా?"

యాప్‌లో ఫిర్యాదు పెట్టాం. గంటలో జవాబు వచ్చింది: ఇది డబ్బా తెరిచి చూపించి ఇచ్చే డెలివరీ, మీరు వస్తువు చూసుకున్నాకే ఓటీపీ చెప్పారు, కాబట్టి మార్చడం కుదరదు. మేం చూసుకోలేదు. మా తరఫున బోర్డు చెప్పేసింది. ఓటీపీ అంటే తలుపు తీసే తాళంచెవి అనుకున్నాం గానీ, అది సంతకం అని ఆ రోజే తెలిసింది.

నేను నోట్‌బుక్ తీసి, ఏమేం జరిగిందో వరుసగా రాసుకుంటున్నాను. అన్నకు అంత ఓపిక లేదు. నెట్‌లో వెతికి కస్టమర్ కేర్ నంబరు ఒకటి పట్టాడు. ఫోన్ చేస్తే అవతలివాడు చాలా మర్యాదగా, "సార్, ఒక చిన్న యాప్ వేసుకోండి, మీ స్క్రీన్ మాకు కనబడాలి" అంటున్నాడు. నేను ఫోన్ లాక్కుని కట్ చేశాను.

"గట్ల గుంజుకుంటవేంది? మంచిగ మాట్లాడుతుండు గదా!"

"అదే అన్నా అనుమానం. అసలు కంపెనీవాడు ఎన్నడన్న గింత మంచిగ మాట్లాడిండా?"

అన్న నవ్వాడు. ఆ సాయంత్రం అదొక్కటే నవ్వు.

హాస్టలంతా మాత్రం డెలివరీ ఆయనదే తప్పని తేల్చేసింది. "ఆయనే మార్చిండు, ఇంకెవరు మారుస్తరు?" అన్నది ఆంటీ. నాకు తేలలేదు. లాప్‌టాప్ కొట్టేయదలిచినవాడు బదులుగా కొత్త ఇస్త్రీ పెట్టె ఎందుకు పెడతాడు? డబ్బాను తిప్పి తిప్పి చూస్తుంటే, అడ్రసు చీటీ అడుగున చిన్న అక్షరాల్లో బరువు కనబడింది: 1.1 కేజీ. ఉత్పత్తి పేజీలో చూస్తే ఆ లాప్‌టాప్ ఒక్కటే 1.7.

గురువారం పొద్దున దాన్ని యథాతథంగా సర్ది, సందు చివర కిరాణా కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టు భాయ్ పప్పు తూచే కాటా మీద పెట్టనిచ్చాడు.

"ఏం తమ్మీ, లాప్‌టాప్‌లు సుత కిలోల లెక్కన అమ్ముతుండ్రా?"

"లోపల లాప్‌టాప్ లేదు భాయ్. ఇస్త్రీ పెట్టె."

"అయితే మంచిదే. వేడి అయినా ఖరాబ్ కాదు."

కాటా 1.1 చూపించింది. అంటే గోదాములో చీటీ అంటించినప్పుడే లోపల ఇస్త్రీ పెట్టె ఉంది. దారిలో ఎవరూ మార్చలేదు, అక్కడే రెండు పార్సిళ్ల చీటీలు తారుమారై ఉంటాయి. ఈ మాట చెప్తే ఆంటీ, "పాపం, ఆయనను నిన్నటికెల్లి తిడుతున్న" అన్నది.

యాప్ అడుగున, ఎవరూ చదవని పేజీలో, ఫిర్యాదుల అధికారి మెయిల్ ఉంటుందని అప్పుడే కనిపెట్టాను. ఆఫీసులో బగ్ రిపోర్టు రాసినట్టే రాశాను: రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి, చీటీ బరువు, కాటా బరువు, ఫొటోలు. బోర్డు సంగతి దాచలేదు. తెరవకుండానే ఓటీపీ ఇవ్వడం మా పొరపాటేనని, అయినా 1.7 కేజీల వస్తువు 1.1 కేజీల పార్సిల్లో పట్టదని రాశాను. అన్న చెప్పిన కోపం వాక్యాలు రెండు ఉండేవి, పంపేముందు తీసేశాను.

శుక్రవారం జవాబు లేదు. అన్న ఫోన్లోనే కోడ్ రాయడం ప్రాక్టీసు మొదలుపెట్టాడు. కీబోర్డు చిన్న గళ్లలో వేళ్లు తప్పుతుంటే పళ్లు కొరుక్కునేవాడు. శనివారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది: ఆదివారం కొత్త లాప్‌టాప్ తెస్తారు, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్తారు.

"అయితే గీ ఒక్క రోజు నా ఇంటర్వ్యూ అంగీకి వాడుకుంట తమ్మీ."

"సీలు తీస్తే వాపస్ తీసుకోరు అన్నా."

"నువ్వు మనిషివి కాదు, నియమనిబంధనల పుస్తకానివి" అంటూ అంగీ పట్టుకుని మూలమలుపు ఇస్త్రీ బండి దగ్గరికి పోయాడు.

నన్ను వదలని ప్రశ్న ఒకటి ఉంది. ఇస్త్రీ పెట్టె కోసం ఎదురుచూసినవాళ్లు ఎవరు? ఈ ఊళ్లోనే ఏ ఇంట్లోనో డబ్బా విప్పి, లాప్‌టాప్ చూసి, వాళ్లేం చేసి ఉంటారు? మెయిల్లో అడిగాను. ఆ ఒక్కదానికే జవాబు రాలేదు.

ఆదివారం పదకొండింటికి అదే డెలివరీ ఆయన వచ్చాడు. డబ్బా కింద పెట్టి, అలవాటుగా మెట్ల కిందికి వంగి బోర్డు చూశాడు. దాని మీద 'ఉప్మా' అని ఒక్క మాటే ఉంది. మిగతా సగాన్ని ఆంటీ తడిగుడ్డతో తుడిచేసింది.

"ఓటీపీ ఏది అన్నా?"

"ఆగు భాయ్, జర తెరువు" అన్నాడు మా అన్న.

ఆయన టేపు కోశాడు, నేను వీడియో తీశాను. అన్న లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని బటన్ నొక్కాడు. ముగ్గురం, వెనక ఆంటీ, నల్లటి స్క్రీన్ వైపే చూస్తున్నాం. వెలుతురు వచ్చింది. కెమెరా తెరిస్తే అందులో అన్న ముఖం, దాని వెనక ఆంటీ ముఖం కనబడ్డాయి.

అప్పుడు అన్న ఫోన్ తీసి, ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పాడు.