ధారూర్ మీదుగా వచ్చిన చీకటి

పాపను మొదటిసారి ఇంట్లో వదిలి వికారాబాద్ వెళ్ళింది నా పరిశోధన పరీక్ష రోజునే. పాపకు అప్పటికి పాకడం వచ్చింది, నన్ను వదిలి ఉండడం రాలేదు. నాకూ రాలేదు. అందుకే పరీక్షలో చూపించాల్సిన వీడియోకు పాపనే ఎంచుకున్నాను. తాండూరులో మా ముందు గదిలో కంప్యూటర్, దాని ముందు చాప, చాప మీద పాప, పక్కన మా అత్తమ్మ. ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు వినబడేలా పెట్టాను.

నా పరిశోధన ఓవర్‌లే నెట్‌వర్క్‌ల మీద. ఇంటర్నెట్‌లో సమాచారం ఏ దారిన పోవాలో మనం నిర్ణయించలేం. దాన్నంతా తవ్వి కొత్తగా వేయడమూ ఎవరి వల్లా కాదు. కానీ మనవైన కొన్ని కంప్యూటర్లను మజిలీలుగా పెట్టుకుని, ఉన్న దారుల మీదే మన దారి ఒకటి వేసుకోవచ్చు. నేరు దారి చెడితే మజిలీ మీదుగా పంపొచ్చు. ఇది చెబితే అత్తమ్మ, "గింతేనా? నేను ధారూర్ల బిడ్డకు తొక్కు పంపుతలేనా?" అంది. నిజమే. తాండూరు స్టేషన్‌లో తెలిసిన ముఖం వెతికి పచ్చడి డబ్బా చేతిలో పెడుతుంది. ధారూర్‌లో మా ఆడబిడ్డ వచ్చి అందుకుంటుంది. రైలుకు ఆ సంగతే తెలియదు. నా మజిలీ కంప్యూటర్‌నూ ఆడబిడ్డ ఇంట్లోనే పెట్టాను.

కాలేజీలో తెర మీద పాప నిద్రపోతూ కనబడింది. "అందరూ రండి, చూద్దురు గాని!" అంటూ మా గైడ్ సార్ పక్క గదుల వాళ్ళనూ పిలిచారు. తెర చుట్టూ గుంపు చేరింది. పరీక్షకు వచ్చిన సార్, "ఇప్పుడు నేరు దారి మూసెయ్యమ్మా" అన్నారు. మూశాను.

తెర నల్లబడింది.

పరీక్ష పోయిందన్న భయం తర్వాత వచ్చింది. పాపకు ఏమైందోనన్నదే ముందు వచ్చింది. "ఇంకోసారి వచ్చి చూపిస్తావా?" అన్నారు సార్ మెల్లగా. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ పాపను వదలడం.

అప్పుడు స్పీకర్‌లో ఘల్లుమంది. పాప పట్టీలు! నిద్రలో కాళ్ళు కొట్టుకోవడం దాని అలవాటు.

"సార్, దారి నడుస్తోంది! నేరు దారి మూశాం కదా, ఈ చప్పుడు ధారూర్ మీదుగానే వస్తోంది," అని, మైకు దగ్గరకు వంగాను. "అత్తమ్మా, పాపేది? ఏం కనిపిస్తలేదు!"

"ఎట్ల కనిపిస్తది? కెమెరా మీద దస్తీ కప్పిన. నువ్వొక్కదానివే చూస్తున్నవనుకున్న. ఊరందర్ని పిలుస్తున్నరు గదా! పండుకున్న పోరిని గంతమంది చూస్తే దిష్టి తగలదా?"

గదంతా నవ్వులు. పరీక్ష సార్ కూడా మైకు వైపు వంగి, "అమ్మా, జర తియ్యుండ్రి. మావి మంచి కండ్లే" అన్నారు.

"ఆగు సారూ, చుక్క పెట్టనీ."

దస్తీ లేచింది. బుగ్గన ఇంత కాటుక చుక్కతో, నిద్ర చెడినందుకు మూతి ముడుచుకుని పాప. సార్ ప్రోగ్రాం చూసి, "చీకటి కూడా సక్కగనే చేరిందమ్మా" అంటూ సంతకం పెట్టారు.

సాయంత్రం అత్తమ్మ నన్ను వాకిట్లోనే ఆపి ఉప్పుతో దిష్టి తీసింది. తర్వాత అదే చేత్తో కంప్యూటర్‌కూ తీసింది.

ఇప్పుడు పాప, అత్తమ్మ ఇద్దరూ నిద్రపోతున్నారు. ధారూర్ కంప్యూటర్ ఇక ఆపేయొచ్చని ఆడబిడ్డకు చెప్పాలి. కానీ వచ్చే వారం మళ్ళీ కాలేజీకి వెళ్ళాలి. ఉండనీ. అత్తమ్మ కూడా ఆ దస్తీని కంప్యూటర్ పక్కనే మడిచి పెట్టుకుంది.